గ్వెల్ఫ్ చలిలో డీజిల్ కారు

జనవరి మాసపు తెల్లవారుజాము. కెనడా దేశంలోని గ్వెల్ఫ్ నగరంలో వీధి దీపాల క్రింద మంచు నీలి ఛాయతో మెరుస్తూ ఉంటుంది. ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 24 డిగ్రీలని రేడియో చెబుతుంది. ఒక తెలుగువారి ఇంటి ముందు డీజిల్ కారు తెల్లని పొగ వదులుతూ, టకటకమని శబ్దం చేస్తూ నిలబడి ఉంటుంది. ఇంటి యజమాని కారును స్టార్టు చేసి, అది వేడెక్కుతుందన్న నమ్మకంతో లోపలికి వెళ్లి, కాఫీ త్రాగి, పిల్లలకు కోట్లూ బూట్లూ తొడిగించి, 20 నిమిషాల అనంతరం బయటికి వస్తాడు. కారులో కూర్చుని హీటరు గాలికి చేయి చాపితే ఆ గాలి ఇంకా చల్లగానే తగులుతుంది. అదే సమయానికి స్టార్టు చేసిన ప్రక్కింటివారి పెట్రోలు కారులో మాత్రం అద్దాల మీది మంచు కరిగి నీరై కారిపోయి ఉంటుంది.

20 నిమిషాలపాటు ఇంధనం మండినది గదా, ఆ వేడి అంతా ఏమైనట్లు? ఈ ప్రశ్న చూడటానికి చిన్నదే. కాని దీని సమాధానంలో డీజిల్ యంత్రపు స్వభావమంతా ఇమిడి ఉన్నది. వేల డాలర్ల ఇంజను మన్నికా, ఇంటిల్లిపాది ఆరోగ్యమూ కూడా దీనితో ముడిపడి ఉన్నవి.

గ్వెల్ఫ్ నగరానికి 1827వ సంవత్సరం ఏప్రిల్ 23న జాన్ గాల్ట్ అనే స్కాట్లండు నవలాకారుడు పునాది వేశాడు. 1874లో ఇక్కడ ఏర్పడిన వ్యవసాయ కళాశాల, 1964లో స్థాపితమైన గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో అంతర్భాగమైనది. ఆ విశ్వవిద్యాలయంలో చదువులూ, లినమార్ వంటి మోటారు విడిభాగాల సంస్థలలో ఉద్యోగాలూ దూరదేశాలవారిని ఈ ఊరికి రప్పిస్తూ ఉంటాయి. జనవరి రాత్రుల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత ఇక్కడ సున్నాకు దిగువన 10 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ధ్రువప్రాంతపు గాలి దిగివచ్చిన రోజులలో అది 20 డిగ్రీలు దాటి పోతుంది. భోగిమంట చలి కాచుకొని పెరిగినవారికి ఇది వేరొక లోకం. మనుషులకే కాదు, డీజిల్ యంత్రానికి కూడా ఇది వేరొక లోకమే.

తెలుగునాట చాలామందికి డీజిల్ యంత్రంతో తొలి పరిచయం ఆర్టీసీ బస్సు. తెల్లవారుజామున డిపోలో మొదటి సర్వీసు బస్సును డ్రైవరు ముందుగానే స్టార్టు చేసి కొంతసేపు అలాగే ఉంచటం చూసినవారు, బండి వేడెక్కటానికే అలా చేస్తున్నాడని అనుకొంటారు. అక్కడ వేడికంటే ముఖ్యమైన కారణం వేరొకటి ఉన్నది. పెద్ద బస్సుల బ్రేకులు గాలి పీడనంతో పనిచేస్తాయి. రాత్రంతా నిలిచిన బస్సు గాలి ట్యాంకులలో ఆ పీడనం తగ్గిపోతుంది. ఇంజను నడిచి, కంప్రెసరు వాటిని మళ్లీ నింపేవరకు బస్సును కదలించరాదు. ఉత్తర అమెరికాలో ఈ అలవాటుకు రైలు ఇంజనులు కూడా తోడైనవి. వాటిని చల్లబరచే నీటిలో సాధారణంగా యాంటీఫ్రీజ్ కలపరు. ఇంజను ఆపితే నీరు గడ్డకట్టి ఇనుమును పగలగొడుతుంది కనుక చలి రాత్రులలో వాటిని ఆపకుండా నడిపిస్తూ ఉండేవారు. బస్సుకూ రైలుకూ ఉన్న ఈ అవసరాలు రెండూ కారుకు లేవు. అలవాటు మాత్రం కారుదాకా వచ్చినది.

పెట్రోలు యంత్రంలో గాలీ ఇంధనమూ కలిసిన మిశ్రమాన్ని స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వతో వెలిగిస్తుంది. డీజిల్ యంత్రంలో నిప్పురవ్వ లేదు. సైకిలు టైరుకు గాలి కొట్టినవారికి పంపు అడుగుభాగం వేడెక్కటం అనుభవమే. గాలిని అణచి చిన్న చోటిలో ఇరికిస్తే దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో జయప్రదంగా నడిపి చూపిన యంత్రానికి ఈ సూత్రమే ఆధారం. సిలిండరులోనికి వచ్చిన గాలిని పిస్టను 20వ వంతుకు కుదిస్తుంది. ఆ గాలి ఎంతగా వేడెక్కుతుందంటే, దానిలోనికి చిమ్మిన ఇంధనం ఏ నిప్పూ తగలకుండానే తనంత తాను అంటుకొంటుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. గాలి వేడెక్కటం పరమ శూన్యం నుండి కొలిచే కెల్విన్ మానంలో లెక్కించాలి. వేడి ఏ మాత్రమూ బయటికి పోలేదనుకొంటే, 20వ వంతుకు కుదించిన గాలి కెల్విన్ ఉష్ణోగ్రత సుమారు 3.3 రెట్లు అవుతుంది. విజయవాడలో 30 డిగ్రీల సెల్సియస్ అనగా 303 కెల్విన్‌లు. అది పెరిగి దాదాపు 1000 కెల్విన్‌లు, అంటే సుమారు 730 డిగ్రీల సెల్సియస్ అవుతుంది. గ్వెల్ఫ్‌లో సున్నాకు దిగువన 25 డిగ్రీలు అనగా 248 కెల్విన్‌లు. అది 820 కెల్విన్‌ల వరకే పెరుగుతుంది, అంటే సుమారు 550 డిగ్రీల సెల్సియస్. బయట రెండు ఊళ్ల మధ్య 55 డిగ్రీలే తేడా. సిలిండరు లోపల ఆ తేడా 180 డిగ్రీలు! బయట పోయిన ప్రతి డిగ్రీకీ లోపల మూడు డిగ్రీలకు పైగా పోతున్నవన్నమాట.

ఆ 550 డిగ్రీలయినా దక్కితే ఇంజను వెలుగుతుంది. దక్కనివ్వకుండా చేసేవి మూడు ఉన్నవి. మొదటిది, రాత్రంతా చలిలో నానిన ఇనుము. కుదింపులో పుట్టిన వేడిని చల్లని సిలిండరు గోడలు తక్షణమే పీల్చివేస్తాయి. రెండవది ఇంజను ఆయిలు. చలికి అది కుదిరిన బెల్లపు పాకంలా చిక్కబడి, పిస్టన్లనూ బేరింగులనూ పట్టి లాగుతుంది. మూడవది బ్యాటరీ. దానిలోని రసాయన చర్య చలికి మందగిస్తుంది. సున్నాకు దిగువన 18 డిగ్రీల దగ్గర సీసపు బ్యాటరీ వేసవిలో ఇచ్చే శక్తిలో సుమారు సగమే ఇవ్వగలదు. తిప్పవలసిన భారం పెరిగినప్పుడే తిప్పే బలం తగ్గినదన్నమాట. స్టార్టరు ఇంజనును నెమ్మదిగా తిప్పుతుంది. నెమ్మదిగా కుదించిన గాలి పిస్టను రింగుల ప్రక్కనుండి జారిపోవటానికీ, వేడి గోడలలోనికి ఇంకిపోవటానికీ కావలసినంత వ్యవధి దొరుకుతుంది. పెట్రోలు కారుకు కూడా చలి కష్టమే గాని, దానికి నిప్పురవ్వ అనే ఆసరా ఒకటి ఉన్నది.

ఈ లోపాన్ని పూరించటానికే గ్లో ప్లగ్ అనే పరికరం అమర్చారు. ఇది ఒక్కొక్క సిలిండరులో ఉండే చిన్న విద్యుత్ కడ్డీ. బ్యాటరీ కరెంటుతో ఎర్రగా కాలి, తన చుట్టూ ఉన్న గాలినీ ఇంధన తుంపరనూ వేడి చేస్తుంది. తాళం తిప్పగానే చుట్ట చుట్టిన తీగ ఆకారంలో పసుపురంగు దీపం వెలిగేది దీనికి సూచనగానే. 1970, 1980 దశకాల కార్లలో ఆ దీపం ఆరటానికి అరనిమిషం వరకు ఆగవలసి వచ్చేది. ఇటీవలి కార్లలో కొద్ది సెకన్లు చాలు. ఆ కొద్ది సెకన్లు ఆగే ఓపిక లేక తాళాన్ని ఒక్క త్రిప్పులో చివరిదాకా త్రిప్పేవారే చలికాలంలో ఎక్కువగా ఇబ్బంది పడుతారు. తీవ్రమైన చలిలో దీపం ఆరిన తరువాత తాళం వెనుకకు త్రిప్పి మరొకసారి వెలిగించి ఆర్పితే ఫలితం ఇంకా బాగుంటుంది. ఒక గ్లో ప్లగ్ చెడిపోతే వేసవిలో ఎవరికీ తెలియదు. తొలి గట్టి చలినాడు ఇంజను ఒక సిలిండరు తప్పుతూ వణికి, తెల్లపొగ చిమ్మినప్పుడు బయటపడుతుంది. ఆ తెల్లపొగ నీటి ఆవిరి మాత్రమే కాదు, మండకుండా బయటపడిన డీజిల్ తుంపర కూడా. కంటికి మంట పుట్టించే వాసనే దానికి గుర్తు. చలిలో వినిపించే టకటక శబ్దానికి కూడా కారణం ఇటువంటిదే. ఇంధనం చిమ్మిన వెంటనే అంటుకొనక కొద్ది క్షణాంశం పోగుపడి, ఒక్కుమ్మడిగా భగ్గుమనటమే ఆ చప్పుడు.

ఇంతవరకు చెప్పినది ఇంజను సంగతి. ట్యాంకులోని ఇంధనానిది మరొక కథ. ఆంధ్రదేశంలో చలికాలపు ఉదయాన కొబ్బరినూనె పేరుకొనిపోతే, తలంటుకు ముందు సీసాను ఎండలోనో వేడినీళ్ల గిన్నెలోనో ఉంచటం ప్రతి ఇంటా జరిగేదే. కొబ్బరినూనె 24 డిగ్రీల ప్రాంతంలో పేరుకొంటుంది. డీజిల్ కూడా పేరుకొంటుంది, కాని ఆ తీరు కొంత వేరు. డీజిల్ ఒకే పదార్థం కాదు, అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో పొడవైన తిన్నని గొలుసులవంటి అణువులు గల పారఫిన్లు, అనగా మైనపు జాతివి, మంచి ఇంధనాలు. అవి తేలికగా అంటుకొంటాయి. కాని చలికి ముందుగా గడ్డకట్టేవి కూడా అవే. ఉష్ణోగ్రత తగ్గుతూ ఉండగా మొదట డీజిల్ మబ్బు పట్టినట్లు మసకబారుతుంది. దీనినే క్లౌడ్ పాయింట్ అంటారు. సన్నని పలుకులుగా ఏర్పడిన మైనం వడపోత కాగితం రంధ్రాలను మూసివేస్తుంది. ఇంకా చల్లబడితే ఆ పలుకులు ఒకదానికొకటి అల్లుకొని, మిగిలిన ద్రవాన్ని తమలో బంధించి, మొత్తం ఇంధనాన్ని ముద్దగా చేస్తాయి. అందులో గట్టిపడిన మైనం నూటికి రెండు వంతులు ఉన్నా చాలును. ఇది వింతగా తోచవచ్చును గాని, పెరుగు గిన్నెలో ఉన్నదీ అధికభాగం నీరే గదా! కొద్దిపాటి మాంసకృత్తులూ కొవ్వూ అల్లిన వలలో చిక్కిన నీరు గిన్నె వంచినా ఒలకదు.

ద్రవమైన నూనెను కొద్దిపాటి ఘనపదార్థపు అల్లికతో గడ్డకట్టించే ఈ విద్య గ్వెల్ఫ్‌కు కొత్తది కాదు. గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయపు ఆహార విజ్ఞాన శాఖలో ప్రొఫెసర్ అలెహాండ్రో మరంగోనీ కొవ్వుల స్ఫటికీకరణపై చిరకాలం పరిశోధనలు చేసి ప్రసిద్ధులైనారు. ఆరోగ్యానికి హాని చేసే గట్టి కొవ్వులకు బదులుగా, వంటనూనెలనే గట్టిపరచి వాడే మార్గాలను వారు అన్వేషించారు. వంటగదిలో వరమైనది కారు ట్యాంకులో శాపమైనదని చెప్పవలసి ఉంటుంది. డీజిల్ యంత్రానికీ వంటనూనెకూ చుట్టరికం కూడా పాతదే. 1900 సంవత్సరపు పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ యంత్రాన్ని వేరుసెనగ నూనెతో నడిపారు. ఆ నూనె సున్నా డిగ్రీలకు చేరకముందే పేరుకొనటం మొదలు పెడుతుంది. ఆ ప్రదర్శన గ్వెల్ఫ్‌లో జనవరి నెలలో పెట్టి ఉంటే ఆ యంత్రం కదిలేది కాదు.

చమురు సంస్థలకు ఈ సంగతి తెలియనిది కాదు. కెనడాలో అమ్మే డీజిల్ చలిని తట్టుకొనే గుణం ప్రాంతాన్ని బట్టీ, నెలలో ఏ పక్షమన్నదానిని బట్టీ మారుతూ ఉంటుంది. చలికాలపు డీజిల్‌లో మైనం పాలు తక్కువగా ఉంటుంది. మన ఇళ్లలో ఒకప్పుడు స్టవ్వులలో పోసిన కిరోసిన్ వంటి తేలిక నూనె కలపటం కూడా ఒక పద్ధతి. ఆ కారణంగానే చలికాలంలో లీటరుకు వచ్చే కిలోమీటర్లు కొంత తగ్గుతాయి. కనుక గ్వెల్ఫ్‌లో డిసెంబరులో నింపుకొన్న డీజిల్ జనవరి చలికి సామాన్యంగా తట్టుకొంటుంది. చిక్కు వచ్చేది రెండు సందర్భాలలో. సెప్టెంబరులో నింపిన ట్యాంకు అలాగే ఉండిపోవటం ఒకటి. క్రిస్మస్ సెలవులకు అట్లాంటాలోని బంధువుల ఇంటికో, ఫ్లోరిడా సముద్రతీరానికో వెళ్లి, అక్కడి వెచ్చని రాష్ట్రంలో ట్యాంకు నిండా పోయించుకొని తిరిగి రావటం రెండవది. అటువంటివారు దారిలో ఉత్తరాదికి వచ్చేసరికి ట్యాంకును వీలైనంత ఖాళీ చేసుకొని, అక్కడి డీజిల్‌తో నింపుకోవాలి. పేరుకోకుండా చేసే మందులు దుకాణాలలో దొరుకుతాయి. అవి మైనపు పలుకులు పుట్టేటప్పుడు వాటిని చిన్నవిగా ఉంచుతాయి. కనుక ఇంధనం ద్రవంగా ఉన్నప్పుడే పోయాలి, ముద్ద కట్టిన తరువాత పోస్తే ప్రయోజనం స్వల్పం. పెట్రోలు కార్ల కొరకు అమ్మే మిథైల్ హైడ్రేట్‌ను డీజిల్‌లో పోయరాదు. కొంత పెట్రోలు కలపవచ్చునని కొన్ని పాత కార్ల పుస్తకాలలో ఉండేది. నేటి అధిక పీడన పంపులకు ఆ సలహా ప్రాణాంతకం. డీజిలే వాటికి కందెన, పెట్రోలుకు ఆ జిడ్డు లేదు.

ముద్దకట్టిన డీజిల్‌ను మన దేశంలో కూడా చూడవచ్చును. లడఖ్ కొండదారులలో లారీ డ్రైవర్లు ఉదయాన ఇంధనపు ట్యాంకు క్రింద మంట పెట్టి వేడి చేయటం చాలా కాలంగా ఉన్నది. అందులో ఉన్న అపాయం వేరుగా చెప్పనవసరం లేదు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ సున్నాకు దిగువన 33 డిగ్రీల వరకు పారగల ప్రత్యేకమైన డీజిల్‌ను ఆ ప్రాంతానికి అందించటం ప్రారంభించినది.

కెనడాలో మంటకు బదులుగా ప్లగ్గు వచ్చినది. చలికాలంలో ఇక్కడి కొన్ని కార్ల ముందు జాలీలోనుండి విద్యుత్ ప్లగ్గు ఒకటి నాలుకలా వ్రేలాడుతూ కనిపిస్తుంది. క్రొత్తగా వచ్చినవారు దానిని చూసి అది విద్యుత్ కారేమోనని భ్రమపడటం సహజం. అది బ్లాక్ హీటరు తీగ. ఉత్తర డకోటా రాష్ట్రంలోని గ్రాండ్ ఫోర్క్స్ నగరానికి చెందిన ఆండ్రూ ఫ్రీమన్ ఇటువంటి హీటరుకు 1949లో పేటెంటు పొందాడు. నీళ్లు కాచుకొనే హీటరు కడ్డీ వంటిదే ఇది కూడా. ఇంజను దిమ్మెలోని చల్లబరచే ద్రవాన్ని నేరుగా వేడి చేస్తుంది. కార్లలో సాధారణంగా 400 నుండి 1000 వాట్ల వరకు ఉంటుంది. దీనివల్ల ఇంజను ఎండాకాలపు స్థితికి రాకపోయినా, సున్నాకు దిగువన 25 నుండి సున్నా ప్రాంతానికో, ఇంకా పైకో వస్తుంది. పై లెక్కలో చూసినట్లు, అదే సిలిండరు లోపల ఎన్నో డిగ్రీల లాభం. గోడలు వేడిని పీల్చవు, ఆయిలు కదులుతుంది, బ్యాటరీకి భారం తగ్గుతుంది.

రాత్రంతా దీనిని వెలిగించి ఉంచనవసరం లేదు. బయలుదేరటానికి 2 గంటల ముందు వెలిగేటట్లు ఒక టైమరు పెడితే చాలునని కెనడా ప్రభుత్వపు సహజ వనరుల శాఖ సలహా. 750 వాట్ల హీటరు 2 గంటలకు ఖర్చు చేసేది ఒకటిన్నర యూనిట్ల కరెంటు. సున్నాకు దిగువన 20 డిగ్రీల చలిలో బ్లాక్ హీటరు వాడితే ఇంధనం నూటికి 10 వంతుల వరకు ఆదా అవుతుందని కూడా ఆ శాఖ చెబుతున్నది. తీగ ఆరుబయట వాడదగిన, తగినంత లావుగల మూడు పిన్నుల తీగ అయి ఉండాలి. ఇంట్లో దీపానికి వాడే సన్నతీగ పెడితే ఇంజనుకు బదులు తీగే వేడెక్కుతుంది.

చలి అనగానే రేడియోలో చెప్పే మరొక అంకె గురించి చాలామంది భయపడుతూ ఉంటారు. "ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 20, గాలితో కలిసి 32" అని వినగానే కారుకు కూడా 32 డిగ్రీల చలి తగులుతున్నదని అనుకొంటారు. గాలి చలి సూచిక మనిషి చర్మానికి సంబంధించినది. కెనడా, అమెరికా దేశాలు 2001 నుండి వాడుతున్న ఈ సూచిక ముఖం నుండి వేడి పోయే వేగాన్ని బట్టి లెక్కించినది. రాత్రంతా నిలిచిన ఇంజను గాలి ఉష్ణోగ్రతకంటే ఒక్క డిగ్రీ కూడా క్రిందికి పోదు. గాలి వీస్తే ఆ ఉష్ణోగ్రతకు త్వరగా చేరుతుంది, అంతే. కనుక హీటరు, ఇంధనం విషయంలో చూడవలసినది మొదటి అంకెనే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. నిలబెట్టి నడిపిన డీజిల్ ఇంజను ఎందుకు వేడెక్కదు? పెట్రోలు ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దానిలోనికి పోయే గాలిని ఒక తలుపు అడ్డగించి తగ్గిస్తుంది. తక్కువ గాలి, దానికి తగిన ఇంధనం, సుమారు 15 వంతులకు ఒక వంతు చొప్పున మండుతాయి. డీజిల్ ఇంజనుకు సాధారణంగా ఆ అడ్డు లేదు. ప్రతి ఊపిరికీ సిలిండరు నిండా గాలి పీలుస్తుంది. పనిలేనప్పుడు అందులో చిమ్మే ఇంధనం అత్యల్పం, 50 వంతుల గాలికి ఒక వంతుకంటే కూడా తక్కువ. పుట్టేది కొద్ది వేడి. ఆ కొద్ది వేడి చాలావరకు అంత గాలినీ వేడి చేసి, పొగగొట్టం గుండా బయటికి పోతుంది. ఒక విధంగా చెప్పాలంటే, ఆ ఇంజను సున్నాకు దిగువన 24 డిగ్రీల గాలిని నిరంతరం తనలోనుండి తోడి పోస్తూ తననే చల్లార్చుకొంటున్నది. లీటరు డీజిల్‌తో ఎక్కువ దూరం నడిపించే ఆ పొదుపు గుణమే చలికాలపు ఉదయాన లోపంగా కనిపిస్తుంది. ఎక్కువ వేడి వృథా చేసే ఇంజను కారు లోపలికి ఎక్కువ వేడి ఇవ్వగలదు. పొదుపరి ఇవ్వలేదు.

వేడెక్కకపోవటంతో పోతే బాగుండును. చల్లని సిలిండరులో పూర్తిగా మండని డీజిల్ గోడల మీదుగా జారి, క్రింద ఆయిలులో కలిసి దానిని పలచన చేస్తుంది. మసి చిమ్మిడి రంధ్రాల దగ్గర, కవాటాల దగ్గర పేరుకొంటుంది. 2007 తరువాతి కాలపు కార్లలో పొగలోని మసిని పట్టే వడపోత ఒకటి ఉంటుంది. పట్టిన మసిని అప్పుడప్పుడు 600 డిగ్రీల ప్రాంతపు వేడిలో కాల్చివేసుకొని అది శుభ్రపడాలి. నిలబెట్టి నడిపిన కారులో ఆ వేడి రాదు, మసి మాత్రం చేరుతుంది. ఆ వడపోత మార్చటానికి వేల డాలర్లు అవుతుంది. వీటిలో కొన్ని కార్లకు యూరియా ద్రావణపు ట్యాంకు కూడా ఉన్నది. మన రైతులు వరిచేలకు చల్లే యూరియాయే ఇక్కడ పొగలోని నైట్రోజన్ ఆక్సైడులను విరుస్తుంది. ఆ ద్రావణం సున్నాకు దిగువన 11 డిగ్రీలకు గడ్డకడుతుంది గాని, దానిని కరిగించే హీటరును కారులోనే అమర్చారు కనుక యజమాని చింతించవలసిన పని లేదు.

మరి చేయవలసినది ఏమిటి? ఇంజను అంటుకొన్న తరువాత ఆయిలు పైభాగాలకూ, టర్బోకూ చేరటానికి అరనిమిషం చాలు. తీవ్రమైన చలిలో ఒకటి రెండు నిమిషాలు. ఆ వ్యవధిలో అద్దాల మీది మంచు చేతితో గీకవచ్చును. ఆ పైన బయలుదేరటమే. మొదటి 5, 6 కిలోమీటర్లు యాక్సిలరేటరును గట్టిగా తొక్కకుండా, ఇంజనును మరీ వేగంగా తిప్పకుండా నడపాలి. గోర్డన్ స్ట్రీట్ మీద విశ్వవిద్యాలయం దాటి మెల్లగా వెళ్లే ప్రయాణం ఇందుకు ఎంతో అనుకూలం. ఇంటినుండి నేరుగా హాన్లన్ రహదారి ఎక్కి 401 మీద పరుగెత్తించటం చల్లని ఇంజనుకు మంచిది కాదు. పని చేసే ఇంజనే వేడెక్కుతుంది. పైగా గేరుబాక్సు, చక్రాల బేరింగులు, టైర్లు కారు కదిలితేనే వేడెక్కుతాయి, నిలిచిన కారులో అవి రాత్రి ఎంత చల్లగా ఉన్నవో అంతే చల్లగా ఉంటాయి. ఆయిలు 15డబ్ల్యూ-40కి బదులు, కారు పుస్తకం అనుమతిస్తే, 5డబ్ల్యూ-40 గాని 0డబ్ల్యూ-40 గాని వాడుకోవాలి. డబ్ల్యూ అనే అక్షరం చలికాలానికి గుర్తు. దాని ముందున్న అంకె తగ్గినకొద్దీ ఆయిలు చలిలో త్వరగా పారుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది గ్యారేజీ సంగతి. ఇక్కడి ఇళ్లలో చాలావాటికి గ్యారేజీ ఇంటిని అంటుకొనే ఉంటుంది. మధ్యన ఒక తలుపు, పైన తరచుగా పిల్లల పడకగది. బయటి చలికి జంకి, గ్యారేజీ తలుపు తెరిచి ఉంచి లోపలే కారు నడిపిస్తే పొగ బయటికి పోతుందని కొందరి నమ్మకం. ఇంటిలోని వెచ్చని గాలి పైకి లేచి పోతూ గ్యారేజీలోని గాలిని తలుపు సందులనుండి లోపలికి లాగుతుంది. చలి ఎంత ఎక్కువైతే ఆ లాగుడు అంత ఎక్కువ. పెట్రోలు పొగకంటే డీజిల్ పొగలో కార్బన్ మోనాక్సైడు తక్కువన్నది నిజమే, కాని తక్కువ అన్నంత మాత్రాన లేదని అర్థం కాదు. చల్లని ఇంజనులో, మూసిన చోటులో అది పోగుపడుతుంది. దానికి రంగూ వాసనా లేవు. డీజిల్ పొగ మానవులలో క్యాన్సరు కలిగించగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 2012 జూన్‌లో నిర్ధారించి ప్రకటించినది. కారు వెచ్చబడేవరకు పిల్లలను దాని వెనుక మంచులో ఆడుకోనివ్వటం, లేదా మంచు పేరుకొని పొగగొట్టం మూసుకుపోయిన కారులో కూర్చోబెట్టటం చేయరానివి. స్టార్టు చేయటానికి ముందే పొగగొట్టం చుట్టూ మంచు తొలగించాలి. పడక మీదనుండే మీట నొక్కి కారు నడిపించే సదుపాయం ఉన్నవారు, కారు గ్యారేజీలో ఉన్నప్పుడు దానిని ముట్టకపోవటం మంచిది. గ్యారేజీ అంటుకొని ఉన్న ఇళ్లలో కార్బన్ మోనాక్సైడు సూచిక ఉండాలని ఒంటారియోలో 2014 నుండి నిబంధన ఉన్నది. అది పనిచేస్తున్నదో లేదో తొలి మంచుకు ముందే నొక్కి చూసుకోవాలి. టొరాంటో నగరం నిలిచిన కారు ఇంజనును 3 నిమిషాలకు మించి నడపరాదని 1996లో నిబంధన చేసి, 2010లో దానిని ఒక నిమిషానికి తగ్గించినది. అక్కడికి వెళ్లే గ్వెల్ఫ్‌వాసులకు ఈ సంగతి తెలిసి ఉండటం జేబుకు మేలు.

2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ సంస్థ పొగ పరీక్షలను మోసగించిన ఉదంతం బయటపడిన తరువాత ఉత్తర అమెరికాలో ఆ సంస్థ క్రొత్త డీజిల్ కార్ల అమ్మకం నిలిచిపోయినది. కనుక ఇప్పుడు గ్వెల్ఫ్‌లో డీజిల్ కారు కొనేవారు కొనేది చాలావరకు పాతదే. ఇటువంటి కారును చలికాలంలో చూడటానికి వెళ్లటమే తెలివైన పని. ముందుగా జాలీ వెనుక బ్లాక్ హీటరు ప్లగ్గు ఉన్నదో లేదో వెతకాలి. దక్షిణాది రాష్ట్రాలనుండి తెచ్చిన కార్లకు అది ఉండకపోవచ్చును. గ్లో ప్లగ్ దీపం వెలిగి ఆరటం గమనించాలి. ఇంజను ఎన్ని చుట్లకు అంటుకొన్నదో, తెల్లపొగ ఎంతసేపు వచ్చినదో చూడాలి. చల్లని ఇంజను దాచలేని లోపాలను వెచ్చని ఇంజను సులువుగా దాచగలదు. అందుచేత తాళం అడగటానికి ముందు చేతి తొడుగు తీసి బానెట్ మీద అరచేయి ఉంచి చూడాలి. అది ఏమాత్రం వెచ్చగా తగిలినా, కాఫీ ఇస్తే త్రాగి, మరునాటి ఉదయం వస్తామని చెప్పి రావటమే.